సిద్ధేంద్ర యోగి: నడి కృష్ణలో సన్యాసం.. ఊరి మగాళ్లందరికీ ఒకే ఒట్టు.. టీవీకొచ్చేసరికి భామాకలాపంలో మిగిలిందేంటి?

అవనిగడ్డ: ఫోన్‌లో కూచిపూడి అని కొట్టి చూస్తే తరచూ కనిపించే సీన్ ఒకటుంది. ఇద్దరు మనుషులు రంగు తెరను అడ్డంగా పట్టుకుని నిలబడతారు. వెనక నుంచి గజ్జెల చప్పుడు. ఉన్నట్టుండి తెర మీదుగా పొడవాటి జడ ఒకటి ఇవతలికి పడుతుంది. తెర తీయగానే సత్యభామ! ఆ నడక, ఆ చూపు, ఆ మిడిసిపాటు.. చూస్తుండగానే రెండు నిమిషాలు అయిపోతాయి. వేలితో పైకి జరిపితే ఇంకో వీడియో.

చూసినవాళ్లు భామాకలాపం చూసేశాం అనుకుంటారు. నిజానికి అక్కడ అయింది ఎంట్రీ మాత్రమే. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకప్పుడు ఆ కథ తెల్లవార్లూ నడిచేది. జనం పగలబడి నవ్వేవాళ్లు. అంత నవ్వులోనూ ఆ ఆడమనిషి బాధకు గొంతు పట్టేసేది.

ఆ కథ రాసిన మనిషి సిద్ధేంద్ర యోగి. అవనిగడ్డలో విజయవాడ బస్సెక్కితే ఆయన ఊరు దారిలోనే తగులుతుంది. పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి దాటాక వచ్చే కూచిపూడే అది. దివిసీమ జనం బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిన ఊరే. కానీ ఆయన గురించి అడిగితే చాలామంది చెప్పేది ఒక్క ముక్క. ఏట్లో వరదకు చిక్కి సన్యాసి అయ్యాడని.

మరి ఆ సన్యాసి మొగుడూ పెళ్లాల గిల్లికజ్జాల మీద కథ ఎందుకు రాశాడు? ఊళ్లో మగపిల్లలందరి చేతా చీర ఎందుకు కట్టించాడు? టీవీ వచ్చాక ఆ కథలో ఏం మిగిలింది, ఏం పోయింది?

ఎవరీ సిద్ధేంద్రుడు?

సిద్ధేంద్రుడి జీవితం మనదాకా వచ్చింది ప్రధానంగా కూచిపూడి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ రూపంలోనే. ఆయన కాలం మీద పండితుల లెక్కలు కలవవు. కొందరు ఇంకా వెనక్కి తీసుకెళ్తారు. ఎక్కువమంది 17వ శతాబ్దం అంటారు.

17వ శతాబ్దం అంటే ఈ ప్రాంతం గోల్కొండ నవాబుల ఏలుబడిలో ఉన్న రోజులు. మచిలీపట్నం రేవులో డచ్చి వాళ్లు, ఇంగ్లిష్ వాళ్లు కొట్లు పెట్టుకుని అద్దకం బట్టలు కొని ఓడలకెక్కిస్తున్న కాలం. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వ పేరును క్షేత్రయ్య తన పదాల్లో దక్షిణాది రాజుల కొలువులదాకా మోసుకెళ్లింది కూడా ఆ శతాబ్దంలోనే. దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని కలలో ఆజ్ఞ అయింది అక్కడేనని చెబుతారు. అంటే చుట్టూ పది మైళ్లలో పాట, పద్యం, ఆట అన్నీ ఉన్న నేల ఇది.

సిద్ధేంద్రుడి చిన్నప్పటి పేరు సిద్ధప్ప అని కొందరు, సిద్ధయ్య అని కొందరు చెబుతారు. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోయారని, ఊరివాళ్లు చేరదీసి చదువు కోసం ఉడుపి మఠానికి పంపారని కథ. అక్కడ శాస్త్రాలతో పాటు కృష్ణ భక్తి ఒంటబట్టింది. కృష్ణలీలా తరంగిణి రాసిన నారాయణ తీర్థులు ఆయనకు గురువని కూచిపూడి సంప్రదాయం చెబుతుంది. పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం ఈ ఊరి ఆటలోకి రావడానికి మూలం ఆ పుస్తకమే.

నడి ఏట్లో ఏం జరిగింది?

అప్పటి పద్ధతి ప్రకారం సిద్ధప్పకు చిన్నప్పుడే పెళ్లయిపోయింది. అత్తగారి ఊరు కృష్ణకు అవతలి ఒడ్డు. చదువు పూర్తయింది, వయసొచ్చింది. పిల్లను కాపురానికి పంపుతాం, రమ్మని కబురొచ్చింది. బయల్దేరాడు.

ఏటి ఒడ్డుకు చేరేసరికి అవతలికి దాటించే నావ లేదంటారు. ఆగలేక నీళ్లలోకి దిగాడు. నడి ఏట్లోకి వెళ్లాక వరద ముంచుకొచ్చింది. దివిసీమ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కృష్ణ ఒక్కసారి పొంగితే లంకలన్నీ ఏమవుతాయో ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

బతికే దారి కనపడలేదు. చావు ముందుకొచ్చినప్పుడు తీసుకునే సన్యాసం ఒకటుంది. ఆతుర సన్యాసం అంటారు. ఎవరూ దీక్ష ఇవ్వక్కర్లేదు, తనకు తానే మంత్రం చెప్పుకుని సంసారం వదిలేయడమే. సిద్ధప్ప అదే పని చేశాడు. కృష్ణుడా, ఒడ్డున పడేస్తే ఈ బతుకు నీదే అని మొక్కుకున్నాడు. వరద తీసింది. ప్రాణాలతో అవతలి ఒడ్డు చేరాడు.

ఇక్కడే కథ మెలిక తిరుగుతుంది. ఒడ్డున అత్తవారి ఇల్లుంది. ఇంట్లో పెళ్లాం ఉంది. గుమ్మం దాకా వచ్చిన మనిషి సంసారి కాదు, సన్యాసి. జరిగింది చెప్పాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనన్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సిద్ధప్ప పోయి సిద్ధేంద్ర యోగి అయ్యాడు.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఆయన వెంటే వెళ్లిపోతారు. ఆ ఇంట్లో మిగిలిపోయిన అమ్మాయి దగ్గర ఎవరూ ఆగరు. ఆమె ఏమైంది, ఎన్నాళ్లు ఎదురుచూసింది అన్నది కథలో ఉండదు. మామూలుగా చెప్పే కథలో ఆమెకు పేరు కూడా ఉండదు.

కానీ ఆయన రాసిన ఆట మొత్తం ఎదురుచూసే పెళ్లాం గురించే. ఏరు దాటి వెళ్లి కూడా కాపురం చేయని మనిషి, మొగుడు రాక ఏడ్చే ఆడమనిషిని నడిమధ్యలో నిలబెట్టి తెల్లారేదాకా మాట్లాడించాడు. ఆ అమ్మాయిని తలుచుకునే రాశాడని చెప్పడానికి ఆధారం లేదు. కానీ ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం సత్యభామ ఏడుపు ఇంకోలా వినిపిస్తుంది.

భామాకలాపంలో ఏముంది?

పారిజాతం పువ్వు కథ అందరికీ తెలుసు. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు, సత్యభామ అలిగింది, కృష్ణుడు ఏకంగా చెట్టే తెచ్చాడు. రాయల కొలువులోని నంది తిమ్మన దాన్నే కావ్యంగా రాశాడు. ఆ దారి నుంచి వచ్చినా భామాకలాపం నిలబడేది మాత్రం దేవలోకం మీద, యుద్ధం మీద కాదు. మొగుడూ పెళ్లాల మధ్య వచ్చిన ఒక చిన్న మాట మీద.

ప్రదర్శనల్లో చెప్పే వరస ఇది. ఇద్దరూ అద్దం ముందు నిలబడతారు. మనిద్దరిలో ఎవరు అందగాళ్లన్న మాట వస్తుంది. సత్యభామ తడుముకోకుండా తానే అంటుంది. కృష్ణుడు అలిగి వెళ్లిపోతాడు. అంతే! అక్కడి నుంచి ఆమెకు నిద్ర లేదు, తిండి లేదు.

సత్యభామ తెర వెనక నుంచి జడ విసరడం అప్పుడే పెద్ద సవాలు. ఆట, పాట, శాస్త్రం.. దేంట్లోనైనా తనను ఓడించగలిగిన వాళ్లుంటే ఆ జడ కత్తిరించుకోవచ్చని ఆ వేషం వేసిన ఆటగాడి పందెం. సభలో కూర్చున్న పండితులకు అది నేరుగా విసిరిన సవాలే. ఇంత గర్వంతో వచ్చిన ఆ ఆడమనిషిని సిద్ధేంద్రుడు మెల్లమెల్లగా నేలకు దింపుతాడు. దింపే పని ఎవరికి అప్పజెప్పాడో తెలుసా? మాధవికి.

మాధవి చెలికత్తె. కానీ మామూలు చెలికత్తె కాదు. ఆటను నడిపే సూత్రధారే తరచూ ఈ వేషం కడతాడు. సత్యభామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గరికి వెళ్లేసరికి మాధవుడు. ఒకే మనిషి అటు ఆడ, ఇటు మగ. సంస్కృత నాటకంలో విదూషకుడు చేసే పనంతా ఇక్కడ ఈ ఒక్క పాత్ర చేస్తుంది. నవ్విస్తుంది, గిల్లుతుంది, తెలిసీ తెలియనట్టు అడుగుతుంది.

నీ మొగుడి పేరేంటమ్మా అని మాధవి అడుగుతుంది. పాత రోజుల్లో పెళ్లాం మొగుడి పేరు నోటితో చెప్పకూడదు. సత్యభామ సిగ్గుతో మెలికలు తిరుగుతూ గుర్తులు చెబుతుంది, సైగలు చేస్తుంది. మాధవి కావాలనే ఒక్కటీ అర్థం కానట్టు నటిస్తుంది. ఇంకా అడుగుతుంది, ఇంకా ఏడిపిస్తుంది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేది ఇక్కడే. ఎందుకంటే ఆ తిప్పలు వాళ్ల తిప్పలే.

ఆ తర్వాత ఉత్తరం. సత్యభామ కృష్ణుడికి లేఖ రాస్తుంది. తీసుకెళ్లాలంటే మాధవికి కూలి కావాలి. ఊరికే వెళ్లనంటుంది. ఒక్కో నగా చూపించి బేరం. మాధవి కన్ను మాత్రం ముక్కెర మీదే. ముత్తయిదువ ముక్కు నుంచి అది తీసివ్వడం చిన్న మాట కాదు. చూసేవాళ్లకు అది నవ్వులాట. కానీ ఇంకాసేపు చూస్తే తెలుస్తుంది. జడ విసిరి సవాలు చేసిన మనిషి దగ్గర ఇప్పుడు దాచుకోవడానికి ఏమీ లేదు. గర్వం ఒక్కో నగలా ఊడిపోతోంది.

నవ్వు ఎందుకు పెట్టాడు?

కూచిపూడి పెద్దలు దీనికి వేదాంతం చెబుతారు. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, మధ్యలో మాధవి గురువు లాంటిది. అహంకారం పోతేనే కలయిక. యోగి రాసింది కాబట్టి ఆ అర్థం ఉండే ఉంటుంది.

కానీ ఆయన ఎంచుకున్న దారి చూడాలి. ఆ సంగతే పురాణం చెప్పినట్టు చెబితే పది మంది పండితులు వినేవాళ్లు. పొలం నుంచి అలిసి వచ్చి చాప పరుచుకున్న రైతు అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండాలంటే ఏం కావాలి? మొగుడూ పెళ్లాల పోట్లాట కావాలి. సవతుల కయ్యం కావాలి. నోరున్న చెలికత్తె కావాలి. సిద్ధేంద్రుడు అవన్నీ ఇచ్చాడు. నవ్వుతూ కూర్చున్నవాడికి తెలియకుండానే అసలు విషయం లోపలికి వెళ్లిపోయింది.

యూరప్‌లో పాటలతో నడిచే నాటకాన్ని ఒపేరా అంటారు. నవ్వించేదైతే కామిక్ ఒపేరా. అలాంటి వాటిలో బాగా పేరున్నది మోజార్ట్ 1786లో వియన్నాలో ఆడించిన ది మ్యారేజ్ ఆఫ్ ఫిగారో. అందులోనూ మొగుడి ప్రేమ కోసం తపించే భార్య ఉంది, తెలివైన పనిమనిషి ఉంది, మొగుడికి పంపే ఉత్తరం ఉంది. అందులో కుర్రాడి వేషం ఆడమనిషి కడుతుంది. ఇక్కడ ఆడమనిషి వేషం కుర్రాడు కడతాడు. ఒకరినొకరు చూడని రెండు లోకాలు ఒకే రకం నవ్వును పట్టుకున్నాయి.

ఊరి మగాళ్లందరికీ ఒకే ఒట్టు

ఆట రాస్తే సరిపోదు, ఆడేవాళ్లు కావాలి. సంప్రదాయం చెప్పేదాని ప్రకారం సిద్ధేంద్రుడు కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలను పోగుచేసి తానే నేర్పాడు. వాళ్ల చేత ఒట్టు వేయించాడు. ఈ ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా కాళ్లకు గజ్జె కట్టి సత్యభామ వేషం వేయాలి.

ఈ ఒట్టును భక్తి అనుకోవచ్చు, కళను కాపాడే ఉపాయం అనుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో ప్రతి మగాడూ కనీసం ఒక్క రాత్రి మొగుడి కోసం ఎదురుచూసే ఆడదానిగా బతకాలి. ఆమె ఏడుపు ఏడవాలి. పేరు చెప్పలేక ఆమె సిగ్గు సిగ్గుపడాలి. ఆటలో అయినా సరే, అవతలి ఒడ్డున నిలబడి చూడాలి.

తర్వాత జరిగింది ఊరి చరిత్ర. గోల్కొండ చివరి నవాబు అబుల్ హసన్ తానీషా 1678 ప్రాంతంలో మచిలీపట్నం వైపు వస్తూ వీళ్ల ఆట చూసి ముచ్చటపడ్డాడని, కూచిపూడిని ఆ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. వేదాంతం, చింతా, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఏలేశ్వరపు.. ఈ ఇంటిపేర్లన్నీ అలా ఆటతో ముడిపడిపోయాయి. రామలింగేశ్వరుడు, బాలాత్రిపురసుందరి గుడి ముందు ఆట మొదలుపెట్టి, మేళాలు కట్టుకుని ఊరూరా తిరిగారు.

కరెంటు లేని రోజులు. రెండు వైపులా కాగడాలు. ముఖ్యమైన వేషం వచ్చేటప్పుడు కాగడా మంట మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని వెలుగు లేచేది. ఆ వెలుగులో సత్యభామ మొహం. మద్దెల ఒకవైపు, తాళం పట్టిన సూత్రధారి ఒకవైపు. అదే అప్పటి లైటింగ్, అదే సౌండ్ సిస్టమ్.

ఒట్టును బతికించిన సత్యభామ

ఆ ఒట్టుకు మన కాలంలో నిలువెత్తు రూపం వేదాంతం సత్యనారాయణ శర్మ. 1935లో కూచిపూడిలో పుట్టారు. అన్న వేదాంతం ప్రహ్లాద శర్మ దగ్గర మొదలుపెట్టి, చింతా కృష్ణమూర్తి నడిపిన వెంకటరామ నాట్య మండలిలో ఆడవేషాలకు పెట్టింది పేరయ్యారు. సత్యభామ, ఉష, దేవదేవి.. వేషం ఏదైనా చూసేవాళ్లకు లోపల మగమనిషి ఉన్నాడన్న సంగతే గుర్తుండేది కాదంటారు.

పాతికేళ్లు దాటగానే 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు. 1970లో పద్మశ్రీ. వయసు మీద పడ్డాక కూడా కాటుక పెట్టి కూర్చుంటే కళ్లలో సత్యభామ దిగేది. దూలం సత్యనారాయణ ఆయన మీద డాక్యుమెంటరీ కూడా తీశారు. ఆయన 2012 నవంబరు 16న కన్నుమూశారు. అదే ఏడాది జులైలో వెంపటి చినసత్యం పోయారు. ఒక్క ఏడాదిలో కూచిపూడి రెండు పెద్ద దిక్కులను పోగొట్టుకుంది.

ఒట్టు దాటిన ఆట

సిద్ధేంద్రుడు పెట్టిన కట్టుబాటు అలాగే నిలిచిపోలేదు. అసలు భామాకలాపం ఎప్పుడూ ఒక్క ఊరి సొత్తు కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కళావంతుల ఆడవాళ్లు తమ పద్ధతిలో భామాకలాపం ఆడారు. ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం మేళాలు ఆడాయి. ఆ ఆడవాళ్ల ఆటను తర్వాతి రోజుల్లో సమాజం వెలివేసింది. కూచిపూడి మగవాళ్ల ఆటకు మాత్రం గౌరవం మిగిలింది. ఈ సంగతి కూడా కథలో భాగమే.

20వ శతాబ్దంలో గోడ బద్దలైంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువులు ఆడపిల్లలకు నేర్పారు. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన శ్రీకృష్ణ పారిజాతంలో సత్యభామగా శోభానాయుడు దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. కూచిపూడి ఇంట పుట్టలేదు, మగపిల్లాడు కాదు. అయినా రెండు మూడు తరాల ప్రేక్షకులకు సత్యభామ అంటే ఆమే.

ఒట్టు సడలింది కాబట్టే ఆట ఊరు దాటింది. ఒట్టు ఉంది కాబట్టే దాటేదాకా బతికింది. రెండూ నిజమే.

టీవీ ఏం తెచ్చింది, ఏం తీసుకుపోయింది?

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. కాగడాల వెలుగులో ఆడిన ఆట స్టూడియో లైట్ల కిందకు వచ్చింది. పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టిన టీవీ ముందు కూర్చున్న జనం అంతకుముందు ఎప్పుడూ చూడనిది ఒకటి చూశారు. క్లోజప్!

తెల్లవార్లూ సాగే ఆటలో వెనక వరసలో కూర్చున్నవాడికి సత్యభామ కనుబొమ కదలిక ఏం కనిపిస్తుంది? కెమెరా ఆ కదలికను ఇంటింటికీ చూపించింది. కూచిపూడిలో కంటి అభినయానికి ఎంత పని ఉందో టీవీ వచ్చాకే చాలామందికి తెలిసింది. ఇది టీవీ ఇచ్చిన లాభం. కాదనడానికి లేదు.

కానీ టీవీకి టైమ్ స్లాట్ ఉంటుంది. రాత్రంతా నడిచే ఆటను అరగంటలో పెట్టాలంటే ఏదో ఒకటి తీసేయాలి. జడ తీయలేరు, అది అందరికీ తెలుసు. ఎంట్రీ తీయలేరు, అది అందంగా ఉంటుంది. ఇక మిగిలింది మాటలు. అంటే మాధవి! పాత్ర ఉంటుంది, కానీ ఆ సాగదీత ఉండదు. గిల్లుడు, బేరం, ఎదురు ప్రశ్నలు కురచైపోతాయి. అదీ కాక మాధవి వేషగాడు ఆ ఊళ్లో జనాన్ని చూసి అప్పటికప్పుడు జోకులు కలిపేవాడు. కెమెరా నవ్వదు కదా, ఎవరిని చూసి కలుపుతాడు?

ఇలాగే అవ్వాలని రూలేం లేదు. 1975 జనవరి 1న స్వీడన్ టీవీలో దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ మోజార్ట్ ఒపేరా ది మ్యాజిక్ ఫ్లూట్‌ను ప్రసారం చేశారు. రెండు గంటలకు పైగా. జర్మన్ పాటలను స్వీడిష్‌లోకి మార్చి మామూలు జనానికి అర్థమయ్యేలా పాడించారు. మొదట్లో స్టేజ్ కంటే ముందు ప్రేక్షకుల మొహాలు చూపించారు. అందులో నవ్వించే పిట్టలవాడు పాపగేనో పాత్రను పక్కన పెట్టలేదు. ఒపేరా మొహం తెలియని ఇళ్లలో కూడా జనం కూర్చుని చూశారు. ఆటను మరీ కుదించకుండానే టీవీకి తేవచ్చని తేలింది.

ఇప్పుడు ఫోన్. అరగంట కాస్తా రెండు నిమిషాలైంది, రెండు నిమిషాలు ముప్పై సెకన్లవుతోంది. మిగిలింది జడ, నడక, చూపు. అంటే సత్యభామ గర్వం ఒక్కటే మిగిలింది. ఆ గర్వం కరిగే కథ, కరిగించే మాధవి, ఆ నవ్వు.. తెర అవతలే ఉండిపోయాయి. సిద్ధేంద్రుడు ఏ గర్వాన్ని దింపడానికి ఈ ఆట రాశాడో, మనం ఆ గర్వాన్నే కట్ చేసి షేర్ చేస్తున్నాం.

కూచిపూడిలో ఇప్పుడేముంది?

ఊళ్లో సిద్ధేంద్ర యోగి పేరు మీద తెలుగు విశ్వవిద్యాలయం వారి కళాపీఠం ఉంది. ఏటా ఆయన పేరున ఉత్సవాలు జరుగుతాయి. గజ్జె కట్టే పిల్లల్లో ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువ. పాత కుటుంబాల వాళ్లు హైదరాబాద్, చెన్నై, అమెరికా దాకా వెళ్లి బడులు పెట్టారు. ఆటకు వచ్చిన ఇబ్బంది లేదు. కూచిపూడి నేర్చుకునేవాళ్లు మునుపెన్నడూ లేనంత మంది ఉన్నారు.

కొరత ఎక్కడంటే పూర్తి కలాపం ఆడగలిగేవాళ్ల దగ్గర. సత్యభామ నడక ఏడాదిలో నేర్పొచ్చు. మాధవి వేషం అలా కుదరదు. పాట రావాలి, తాళం రావాలి, సంస్కృతం రావాలి, చెరువు గట్టు మీద మాటలూ రావాలి. జనం నాడి తెలియాలి. ఇది తండ్రి పక్కన కూర్చుని పదేళ్లు చూస్తే వచ్చే విద్య. క్లాసు ఫీజు కట్టి సిలబస్‌లో చదివితే వచ్చేది కాదు. అది తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లున్నప్పుడే పూర్తి కలాపం రికార్డు చేయించి దాచుకోకపోతే తర్వాత అడిగి తెలుసుకోవడానికి ఎవరూ ఉండరు.

సిద్ధేంద్రుడు ఎక్కడ, ఎప్పుడు కన్నుమూశాడో చెప్పే సమాధి రాయి లేదు. రాసింది మిగిలింది. అది కూడా పుస్తకంలో కంటే మనుషుల ఒంట్లోనే ఎక్కువ మిగిలింది. ఈసారి ఆ వీడియో కనిపించినప్పుడు జడ పడ్డాక ఆపేయకండి. ఆ ప్రదర్శన పూర్తి వీడియో ఉందేమో వెతకండి. మాధవి వచ్చి, నీ మొగుడి పేరేంటమ్మా అని అడిగేదాకా ఆగండి. ఊళ్లో అమ్మమ్మ పక్కనుంటే ఆమెకూ చూపించండి. ఆ తిప్పలు ఆమె పడ్డవే కాబట్టి, సత్యభామ కంటే ముందు ఆమే నవ్వుతుంది.